పదాన్ని ఒంటరిగా కాదు, వాక్యంతో నేర్చుకుందాం



ఇంగ్లీషు పదసంపద మీద వ్యాసం రాయమని అడిగారు. వంద పదాల పట్టిక ఇవ్వడం తేలికే. కానీ పట్టికను నమ్మి మేము ఎలా దెబ్బతిన్నామో చెబితే మీకు ఎక్కువ ఉపయోగమని ఇలా రాస్తున్నాము.

హాస్టల్లో ఉండగా మేము రోజుకు పది పదాలు బట్టీ పట్టేవాళ్లం. 'ఔట్‌స్టాండింగ్' అంటే 'అత్యుత్తమమైన' అని నేర్చుకున్నాం. ఒకసారి సెలవులకు బైరెడ్డిపల్లె వెళితే, పంట రుణం గురించి బ్యాంకు నుంచి వచ్చిన కాగితం మా నాయన చేతికిచ్చి చదవమన్నాడు. అందులో 'ఔట్‌స్టాండింగ్ అమౌంట్' అని ఉంది. మన ఖాతా చాలా బాగుందని రాశారని చెప్పాము. నాయన సంతోషంగా ఆ కాగితాన్ని దేవుడి పటం వెనుక పెట్టుకున్నాడు. అక్కడ ఆ మాటకు 'ఇంకా కట్టవలసిన బాకీ' అని అర్థమని కొన్ని నెలల తర్వాత తెలిసింది. అప్పటికే గడువు దాటి వడ్డీ పెరిగింది. నాయన ఒక్క మాట అనలేదు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది మేమొక్కరమే కదా!

తప్పు నిఘంటువుది కాదు. రెండు అర్థాలూ అందులో ఉన్నాయి. పక్కనే ఉన్న 'అమౌంట్' అనే మాటను మేమే పట్టించుకోలేదు.

తెలుగులో మనం ఇలా పొరబడం. 'పట్టు చీర', 'ఉడుం పట్టు', 'కాస్త పట్టు' అంటే మూడు అర్థాలు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. మనది కర్ణాటక సరిహద్దు. బెంగళూరుకు కూలికి వెళ్లినవాళ్లు ఏ పుస్తకమూ లేకుండానే కన్నడం నేర్చుకొని వస్తారు. పని, మనిషి, సందర్భం వాళ్లకు గురువులు. ఇంగ్లీషుకూ ఇదే దారి.

సందర్భంలో వెతకవలసిన ఆధారాలు నాలుగు.

1. కారణం: 'టమాటోస్ ఆర్ పెరిషబుల్, సో ఫార్మర్స్ కెనాట్ స్టోర్ దెమ్ ఫర్ లాంగ్.' ఎక్కువ రోజులు నిల్వ చేయలేరంటే 'పెరిషబుల్' అంటే త్వరగా పాడయ్యేది. మదనపల్లె మార్కెట్ చూసినవారు ఈ మాట మరచిపోరు.

2. వ్యతిరేకత: 'హిజ్ బ్రదర్ ఈజ్ టాకెటివ్, బట్ హీ ఈజ్ రెటిసెంట్.' మధ్యలో 'బట్' ఉంది. కాబట్టి 'రెటిసెంట్' అంటే ఎక్కువగా మాట్లాడనివాడు.

3. రంగం: స్కాలర్‌షిప్ 'శాంక్షన్' అయిందంటే మంజూరైంది. ఒక దేశం మీద 'శాంక్షన్స్' పెట్టారంటే ఆంక్షలు విధించారు. ఒకే మాటకు దాదాపు ఎదురెదురు అర్థాలు!

4. మూలం: 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. 'విధాత' అనే మాటకు ఆయన 'డిస్పెన్సర్' అని వాడారు. మందులిచ్చే 'డిస్పెన్సరీ' మనకు తెలుసు. రెండింటికీ మూలం 'డిస్పెన్స్', అంటే పంచి ఇవ్వడం. అక్కడ మందులు పంచుతారు, ఇక్కడ భాగ్యం పంచుతారు.

ఇక ఆచరణ. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. హాస్టల్‌కు వచ్చే పేపర్లోనో, పాఠంలోనో తెలియని మాట కనిపిస్తే వాక్యం మొత్తం రాసుకోండి. మీరు ఊహించిన అర్థాన్ని పెన్సిల్‌తో రాయండి. ఆ తర్వాతే నిఘంటువు తెరవండి. ఉన్న అర్థాల్లో ఆ వాక్యానికి ఏది సరిపోతుందో చూడండి. చివరగా మీ ఊరి గురించి అదే మాటతో సొంత వాక్యం రాయండి. మరునాడు, వారానికి, నెలకు తిరగేయండి. రోజుకు ఐదు మాటలు చాలు.

ఒక హెచ్చరిక. ఊహ ఒక్కోసారి తప్పుతుంది. పరీక్షలో తప్పితే పోయేది ఒక మార్కు. బ్యాంకు కాగితం, మందుల చీటీ, భూమి పత్రం విషయంలో మాత్రం ఊహించవద్దు. తెలిసినవారిని అడగండి. అడగడం చిన్నతనం కాదు.

ఇప్పుడు మేము పీజీ చదువుతున్నాము. నాయన ఇప్పటికీ కాగితాలు మా చేతికే ఇస్తాడు. మొదటి నుంచి చివరిదాకా చదివిన తర్వాతే నోరు తెరుస్తాము. తెలియని మాట ఉంటే, 'కనుక్కొని చెప్తాను నాయనా' అంటాము. రేపు మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇలాగే కాగితం తెచ్చి మీ చేతిలో పెడతారు. ఆ రోజుకు ఈ రోజు నుంచే సిద్ధం కండి.