వరిమడిలో మీథేను కొలత



ఈ యాసంగిలో మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమకాలువ క్రింది మడులనుండి వెలువడు మీథేనును కొలుచు పని నీకప్పగించిరని తెలిసి మిక్కిలి సంతోషించితిని. నిలువనీటి యడుగున, ప్రాణవాయువు చొరని బురదలో, కుళ్లుచున్న కొయ్యకాళ్ల యాధారమున సూక్ష్మజీవులు పుట్టించు ఆ వాయువు బుడగలుగా లేచునది స్వల్పమే. అధికభాగము వరివేళ్లలో ప్రవేశించి, కాండములోని గాలిసందుల వెంట పైకి ప్రాకి వెలువడును. కావున వరిదుబ్బు లేనిచోట గాలిని పట్టు పెట్టె బోర్లించి తెచ్చిన అంకె ఆ మడికి చెల్లదు.

పెట్టె నిలుచు చట్రమును ముందుదినముననే బురదలో దింపియుంచుము. మరునాటి యుదయమున దుబ్బులపై అక్రిలిక్ పెట్టెను బోర్లించి, చట్రపు గాడిలో నీరుపోసి సందు మూసి, లోపలి చిన్న పంకా తిరుగుచుండగా, 0, 15, 30, 45 నిమిషములకు సిరంజితో గాలి తీసి, గ్యాస్ క్రొమటోగ్రాఫునకు పంపుము. బయటిగాలిలో పదిలక్షల పాళ్లకు రెండు పాళ్లైనను లేని మీథేను పెట్టెలో పెరుగు వేగమును పెట్టె ఘనపరిమాణముతోను మీథేను సాంద్రతతోను గుణించి, అది కప్పిన నేల వైశాల్యముచే భాగించి, ఉష్ణోగ్రతకు తగినట్లు సవరించినచో, చదరపు మీటరుకు గంటకిన్ని మిల్లీగ్రాములని తేలును.

ఇంతవరకు ఎవరైనను నేర్వగలరు. అసలు కష్టము నడకలో నున్నది, బిడ్డా. గట్టునుండి చట్రము దాక పలకల వంతెన వేసికొనక మడిలో దిగితివా, నీ యడుగు క్రింద బురద నలిగి, అందు చిక్కియున్న బుడగలు ఒక్కుమ్మడిగా లేచి పెట్టెలో చేరును. వరి విడువని వాయువును నీవు వరి లెక్కలో వ్రాయుదువు. నాలుగు వేళల అంకెల బిందువులు ఒక సరళరేఖకు ఒదుగనిచో ఆ కొలతను నిర్దాక్షిణ్యముగా కొట్టివేయుము.

ఇంత జాగ్రత్త ఎందుకందువా? మన దేశపు వరిపొలములు ఏటా సుమారు 3.75 కోట్ల టన్నుల మీథేను విడుచుచున్నవని విదేశీ అంచనా యొకటి ప్రచారములో నుండగా, ఆచార్య ఎ.పి. మిత్రా నాయకత్వమున ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల 1991లో పలు రాష్ట్రముల మడులలో జరిపించిన కొలతలవలన అది 40 లక్షల టన్నుల దరిదాపులకు దిగినది! పేదరైతు నెత్తిన పడియున్న అంతటి నిందను తొలగించినది మడియొద్ద నిలిచి తీసిన కొలతయే గదా!

నీవు మున్ముందు పాలమూరు చల్కలకు పోయినచో, అచట బోరునీరు చాలక మడి ఆరినపుడు మీథేను అణగును. అంతమాత్రమున పెట్టెను కొట్టములో పడవేయవలదు. తడి ఆరుచున్న నేలలో యూరియానుండి నైట్రస్ ఆక్సైడు పుట్టును. నూరేండ్ల లెక్కలో, బరువుకు బరువు, బొగ్గుపులుసు వాయువుకంటె భూమిని వేడెక్కించు దాని శక్తి సుమారు 270 రెట్లు. యూరియా చల్లిన మరునాటినుండి వారము దినములు ప్రతి యుదయమును ఆ మడికి పోవుము.