వెలుగుతో కాల్చే తుపాకి

రాత్రి బడిలో ఆ రోజు పలకలు ఇంకా బయటికి తీయలేదు. ఒక పాప సెల్‌ఫోను తెచ్చింది. అందరూ దాని చుట్టూ చేరారు. ఫోనులో చిన్న విమానం ఒకటి ఎగురుతూ ఉంది. ఉన్నట్టుండి దానికి నిప్పు అంటుకుంది. కింద పడిపోయింది. తుపాకి పేలిన మోత లేదు. గుండు వచ్చిన జాడ లేదు.

"ఏందిమే అది? మంత్రమా?" అంది ఒక అత్త.

"లేజరంట అత్తా. మన కర్నూలు జిల్లాలోనే చేశారంట."

"ఎవరన్నా ఆకాశం నించి మన ఊరి మీద ఏస్తే? ఒక్క వామి కాలిపోతే ఏడాది మేత పోయినట్టే గదా!"

అత్త అడిగిన మాట మంచి మాట. అందుకే ఈ పాఠం.

ముందు ఆ ఊరి సంగతి చూద్దాం. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు మండలం ఉంది. పొదుపు సంఘాల అక్కలకు ఈ పేరు కొత్త కాదు. సారా ఉద్యమం తరవాత మన నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు ఎట్టా పెరిగాయో, అక్కడ కూడా ఆడవాళ్లు అట్టాగే పొదుపు చేసి పేరు తెచ్చుకున్నారు. ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఆ మండలంలోనే కుందూ నది పుడుతుంది. అది కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. పెన్న మన సోమశిలకు వస్తుంది. అంటే ఆత్మకూరు పొలాలకు పారే సోమశిల నీళ్లలో ఓర్వకల్లు వాన కూడా కొంత ఉందన్నమాట.

అదే మండలంలో పాలకొలను అనే ఊరు ఉంది. దాని దగ్గర రక్షణ పరిశోధన సంస్థకు పెద్ద పరీక్షా మైదానం ఉంది. ఈ సంస్థనే డీఆర్‌డీవో అంటారు. మన సైన్యానికి కావలసిన ఆయుధాల మీద పరిశోధన చేసి వాటిని రూపొందించే సంస్థ ఇది. 2025 ఏప్రిల్ 13న ఇక్కడ లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. బండి మీద బిగించిన యంత్రం అది. ఎగిరే డ్రోన్లను వెలుగుతోనే కాల్చి పడగొట్టింది. డ్రోన్లకు ఉన్న కెమెరా కళ్లను కూడా పాడు చేసింది. దీన్ని తయారు చేసింది హైదరాబాదులోని డీఆర్‌డీవో ప్రయోగశాల. ఇట్టాంటిది చేసి చూపించిన దేశాలు చాలా తక్కువ. అమెరికా, రష్యా, చైనా ముందే చేశాయి. నాలుగో దేశమో, అయిదో దేశమో మనది అని డీఆర్‌డీవో పెద్దలు చెప్పారు.

వెలుగు ఎట్టా కాలుస్తుంది? మీ పిల్లలు భూతద్దంతో ఎండలో ఆడడం చూసే ఉంటారు. అద్దం కింద ఎండుటాకు పెడతారు. ఎండ అంతా ఒక చుక్కలోకి చేరుతుంది. ఆకు పొగ వస్తుంది, కాలిపోతుంది. ఎండ అదే. పరుచుకుని ఉన్నప్పుడు వడియాలు ఎండుతాయి. ఒక్క చోట చేరితే నిప్పు పుడుతుంది.

టార్చిలైటు వేసి చూడండి. దూరం పోయేకొద్దీ వెలుగు వెడల్పు అవుతుంది, మసకబారుతుంది. లేజర్ వెలుగు అట్టా చెదరదు. దారం లాగినట్టు నేరుగా పోతుంది. దూరం పోయినా చాలా తక్కువగా పరుచుకుంటుంది. దీన్ని 1960లో అమెరికాలో మైమన్ అనే శాస్త్రవేత్త మొదట తయారు చేశాడు. అప్పుడు అది చిన్న మెరుపు మాత్రమే.

దీని బలాన్ని కిలోవాట్లలో కొలుస్తారు. ఇస్త్రీపెట్టె ఒక కిలోవాటు ఉంటుంది అనుకుందాం. 2017లో కర్ణాటకలోని చిత్రదుర్గలో మనవాళ్లు ఒక కిలోవాటు లేజర్‌ను పరీక్షించారు. 250 మీటర్ల దూరంలో ఒక రేకు పెట్టారు. దానికి బొక్క పడడానికి 36 సెకన్లు పట్టింది. అంతసేపు శత్రువు కదలకుండా నిలబడతాడా? నిలబడడు. కర్నూలు జిల్లాలో పరీక్షించింది 30 కిలోవాట్లది. మన బోరుబావుల లెక్కలో చెప్పాలంటే 5 హెచ్‌పీ మోటార్లు ఎనిమిది కలిసినంత. ఆ బలమంతా ఒక చిన్న చోట పడితే డ్రోను రెక్క కరిగి పోతుంది.

ఇక అత్త భయం సంగతి. లేజర్‌కు చాలా తిప్పలు ఉన్నాయి. అది నేరుగా కనిపించే దాన్నే కొడుతుంది. ఉదయగిరి కొండకు ఇవతల యంత్రం పెట్టి అవతల ఉన్న ఊరిని కాల్చలేరు. వెలుగు వంపు తిరగదు కదా! వాన పడినా, మంచు పట్టినా, దుమ్ము లేచినా దాని బలం తగ్గిపోతుంది. కదిలే వస్తువు మీద ఒకే చోట కొన్ని సెకన్లు ఆనించి పట్టుకోవాలి. దానికి బోలెడు కరెంటు కావాలి. కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న డ్రోన్లను కొట్టడానికే దీన్ని తయారు చేశారు. ఊళ్లను కాల్చే లేజర్లు ఆకాశంలో తిరుగుతున్నాయని ఫోన్లలో వచ్చే మాటలు నమ్మవద్దు.

"అట్టయితే నా వామికి భయం లేజర్‌తో కాదు, మీ మామ బీడీతోనే" అంది అత్త. అందరూ నవ్వారు.

డ్రోన్లను కొట్టడానికి ఇంత కష్టం ఎందుకు? మన చేలల్లో మందు కొట్టేది కూడా డ్రోనే. ఆడవాళ్ల సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకం 2023 నవంబరులో వచ్చింది. దాని పేరు నమో డ్రోన్ దీదీ. అట్టాంటి యంత్రానికే మందు డబ్బాకు బదులు బాంబు కడితే యుద్ధపు యంత్రం అవుతుంది. 2025 మే నెలలో పాకిస్తాన్ ఒక్క రాత్రిలో 300 నుంచి 400 డ్రోన్లను మన సరిహద్దు మీదికి పంపిందని మన సైన్యం చెప్పింది. డ్రోను ధర తక్కువ. దాన్ని కొట్టే క్షిపణి ధర లక్షల్లో, కోట్లలో ఉంటుంది. దోమను చంపడానికి రోకలి ఎత్తినట్టు. అందుకే చాలా దేశాలు లేజర్ వెంట పడ్డాయి. తమ డ్రాగన్‌ఫైర్ అనే లేజర్‌ను ఒకసారి కాల్చడానికి 10 పౌండ్లు కూడా కాదని బ్రిటన్ 2024లో చెప్పింది. అది మన లెక్కలో సుమారు వెయ్యి రూపాయలు. అయితే అది కరెంటు ఖర్చు. యంత్రం ధర వేరే. కరెంటు బిల్లు చూపించి మోటారు ధర దాచిపెడితే మన ఇంట్లో ఒప్పుకుంటామా?

ఇంకో భయం మాత్రం నిజమైనదే. అది కంటికి సంబంధించింది. లేజర్ కంట్లో పడితే లోపలి పొర కాలిపోతుంది. చూపు పోతే మళ్లీ రాదు. సైనికుల చూపు పోగొట్టడానికే లేజర్లు తయారు చేయాలని కొన్ని చోట్ల ప్రయత్నాలు జరిగాయి. ప్రపంచ దేశాలు 1995లో కూర్చుని దీన్ని నిషేధించాయి. మనిషిని శాశ్వతంగా గుడ్డివాడిని చేయడానికే తయారు చేసే లేజర్ ఆయుధం వాడకూడదు అని ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం 1999లో అందులో చేరింది. యంత్రాలను కొట్టే లేజర్లను మాత్రం ఆ ఒప్పందం ఆపలేదు.

ఇదే లేజర్ కంటి ఆసుపత్రిలో చూపు నిలబెడుతుంది. శుక్లం ఆపరేషను తరవాత కంట్లో మళ్లీ పొర కమ్మితే డాక్టర్లు లేజర్‌తోనే దాన్ని తొలగిస్తారు. చక్కెర జబ్బు వల్ల కన్ను పాడవుతుంటే కూడా లేజర్ పెడతారు.

తిరునాళ్లలో పిల్లలకు ఎర్ర, పచ్చ లైటు పుల్లలు అమ్ముతారు. అవి కూడా లేజర్లే. కొన్ని చాలా బలమైనవి. పిల్లలు ఆటకి ఒకరి కంట్లో ఒకరు వేసుకుంటారు. దెబ్బ తగిలినా నొప్పి ఉండదు, అందుకే వెంటనే తెలియదు. తరవాత చూపులో నల్ల మచ్చ కనిపించవచ్చు. అట్టా జరిగితే చుక్కల మందు వేసి ఊరుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మీ ఇంట్లో అట్టాంటి పుల్ల ఉందేమో ఈ రాత్రే చూడండి.

మాట్లాడుకోండి, రాయండి:

కొండ అవతల ఉన్న దాన్ని లేజర్ ఎందుకు కొట్టలేదు?

మీ ఊళ్లో డ్రోనుతో మందు కొట్టారా? దానివల్ల కూలి పని ఎవరికి తగ్గింది? ఎవరికి లాభం వచ్చింది?

కుందూ, పెన్న, సోమశిల – ఈ మూడు పేర్లు వాడి రెండు వాక్యాలు రాయండి.