చిల్లర ధర వాటాలు: కొనేముందు వేయవలసిన లెక్కలు

గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోతే వర్తకుడికి నష్టం వస్తుంది గాని టిక్కీ మిగులుతుంది. దాన్ని కోల్డ్ స్టోరేజీలో ఉంచవచ్చు, లేదా అయినకాడికి అమ్ముకోవచ్చు. రెండు, మూడు రూపాయలకు దొరికే వాటాల సంగతి వేరు. బేరం తిరగబడిన రోజున వాటిని కొనేవాడే కనబడడు. ఈ తేడా గమనించక, సరుకు మీద తిరగవలసిన సొమ్మును వాటాల్లో ఇరికించుకునే వర్తకులున్నారు. అందుచేత ఈ వాటాలు బజారుకు ఎలా వస్తాయో, ఎలా పెరుగుతాయో తెలుసుకోవడం అవసరం.

పెన్నీ స్టాక్ అన్న మాట విదేశాలది. అమెరికాలో స్థూలంగా 5 డాలర్ల లోపు పలికే చిన్న కంపెనీల వాటాలను అలా పిలుస్తారు. మన దేశంలో పది, ఇరవై రూపాయల లోపు వాటాలకు బజారు వర్గాలు ఆ పేరు పెట్టాయి.

జారీ ఎలా

1992 వరకు కొత్త వాటాల ధరకు కేంద్ర ప్రభుత్వ కంట్రోలరు ఆమోదం ఉండాలి. ఆ సంవత్సరం సదరు చట్టం రద్దయి, ధర నిర్ణయం కంపెనీల చేతికి వచ్చింది. తరువాతి నాలుగేళ్లలో ఇష్యూలు వెల్లువెత్తాయి. ప్రజల సొమ్ము వసూలు చేసుకుని ఆచూకీ లేకుండా పోయిన కంపెనీలు రెండు వందలకు పైగా తేలాయి.

2012లో బొంబాయి, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలు చిన్న కంపెనీలకు వేరే వేదికలు తెరిచాయి. నిజమైన ఫ్యాక్టరీలకు ఇవి ఉపకరించిన మాట వాస్తవమే. అయితే 2024 ఆగస్టులో రెండు మోటారు సైకిళ్ల షోరూములు, ఎనిమిది మంది సిబ్బంది గల ఢిల్లీ సంస్థ ఒకటి 12 కోట్ల రూపాయల ఇష్యూకు రాగా, 4,700 కోట్లకు మించి దరఖాస్తులు పడ్డాయి. అదే నెల 28న సెబీ మదుపుదారులను హెచ్చరించింది. 2025లో నిబంధన బిగించి, అంతకుముందు మూడేళ్లలో కనీసం రెండేళ్లు కోటి రూపాయల నిర్వహణ లాభం ఉండాలన్నది.

ధర ఎలా లేస్తుంది

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కంపెనీకి కోటి వాటాలు, ధర 10 రూపాయలు. ప్రమోటర్ల వద్ద 70 లక్షలు, ప్రిఫరెన్షియల్ కేటాయింపులో పొందిన వారి మనుషుల వద్ద 22 లక్షలు ఉన్నాయి. బజారులో తిరిగేవి 8 లక్షలే. అంటే 80 లక్షల రూపాయలతో తిరిగే సరుకంతా కొనవచ్చు. తమలో తామే కొని అమ్ముకుంటూ ధరను 40కి లేపితే, 22 లక్షల వాటాల విలువ కాగితం మీద 2 కోట్ల 20 లక్షల నుంచి 8 కోట్ల 80 లక్షలవుతుంది. దాన్ని నగదుగా మార్చుకోవాలంటే బయటివారు కొనాలి. ప్రచారం అవసరమయ్యేది అప్పుడే.

పెద్ద ఆర్డరు వచ్చిందని, విదేశీ ఒప్పందం కుదిరిందని ప్రకటనలు వెలువడతాయి. బోనస్ ఇస్తారు. 10 రూపాయల ముఖవిలువను రూపాయికి విడగొడతారు. 200 రూపాయల వాటా పది ముక్కలై 20కి దొరికితే చవక అనిపిస్తుంది గాని, కంపెనీ ఆస్తి దమ్మిడీ పెరగదు. 2023 మార్చి 2న సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో కొత్త పద్ధతి బయటపడింది. 2022లో కొందరు యూట్యూబ్ వీడియోల ద్వారా తప్పుడు వార్తలు ప్రచారం చేయగా చిన్న మదుపుదారులు ఎగబడ్డారని, ఆ ఊపులో లోపలివారు అమ్ముకున్నారని సెబీ పేర్కొన్నది.

పడేటప్పుడు

ఇటువంటి వాటాకు తరచు 5 శాతం సర్క్యూట్ ఉంటుంది. లేచేటప్పుడు అమ్మేవాడుండడు, పడేటప్పుడు కొనేవాడుండడు. వరుసగా పది రోజులు లోయర్ సర్క్యూట్ పడితే 100 రూపాయలు సుమారు 60, ఇరవై రోజులకు 36 అవుతాయి. ఆ ఇరవై రోజులూ అమ్మకం ఆర్డరు వరుసలో నిలిచే ఉండవచ్చు. బ్రోకరు స్టాప్‌లాస్ పెట్టినా ప్రయోజనం ఉండదు.

చూడవలసినవి

మూడు నెలలకొకసారి కంపెనీ వెల్లడించే వాటాదారుల వివరాల్లో, నిజంగా బజారులో తిరిగే వాటాలెన్నో చూడాలి. ప్రిఫరెన్షియల్ వాటాల లాక్-ఇన్ ఎప్పుడు తీరుతుందో గుర్తించాలి. ప్రమోటరేతరులకు అది సాధారణంగా ఆరు నెలలు. ఆ తేదీకి ముందు ప్రచారం జోరందుకుంటే జాగ్రత్తపడాలి. లాభం కనబడుతున్నా వ్యాపారం నుంచి నగదు రాకుంటే, బాకీలు పేరుకుపోతుంటే, ఆడిటరు మధ్యలో తప్పుకుంటే అనుమానించాలి. వాటా ఎక్స్ఛేంజీల నిఘా జాబితాలో ఉన్నదేమో సరిచూడాలి.

చివరిగా, రోజుకు సగటున 5 వేల వాటాలు చేతులు మారే చోట 50 వేలు కొన్నవాడు పది రోజుల బజారు మొత్తాన్ని ఒక్కడే మోస్తున్నాడని గ్రహించాలి. తెరమీద కనబడే ధర కొన్ని వందల వాటాలకే. మిగతా సరుకుకు కొనుగోలుదారు దొరికేదాకా దాన్ని లాభం కింద ఖాతాలో వ్రాసుకోరాదు. దాన్ని నమ్మి రైతుకు చెల్లింపు వాయిదా ఇవ్వరాదు.