బోదకాలు మాత్ర ఊసేసినవాడికి

శ్రీనూ,

నీ ఉత్తరం చేరింది. బోదకాలు మాత్రలు తెచ్చిన ఆశా అమ్మాయి ముందు నోట్లో వేసుకుని, ఆవిడ గుమ్మం దాటగానే ఊసేశానని ఘనకార్యంలా రాశావు. పైగా ఇమ్యూనిటీ పెంచే పొడుం డబ్బా తెప్పించుకున్నావట. భీమవరంలో ఉంటూ చేసే పనేనట్రా ఇది? ఆ మాత్రని 1947లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుంచి లోకానికిచ్చింది 1895లో ఆ ఊళ్ళోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జట్టు. పాత డాక్టర్లు హెట్రజాన్ అనేది దాన్నే.

అసలు "పెంచడం" అన్న మాటతోనే నా పేచీ. ఏ కణాన్ని పెంచుతావు? న్యూట్రోఫిల్ పుండు దగ్గరికి ముందుగా పరిగెత్తి, దొరికిన క్రిమిని మింగి, తానూ చస్తుంది. చీములో ఎక్కువ భాగం ఆ శవాలే. మాక్రోఫేజ్ తాను మింగినదాని ముక్కని టి కణాలకి చూపిస్తుంది, బి కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. మింగడానికి వీల్లేనంత పెద్ద పురుగైతే ఇసినోఫిల్ వెళుతుంది. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే దాని నిండా ఎర్రటి రవ్వలుంటాయి, అవి పురుగు ఒంటి మీద కక్కే విషం. వీటన్నిటినీ "ఇక చాలు" అని ఆపే టి కణాలు వేరే ఉన్నాయి. బోద పురుగు మచ్చిక చేసుకునేది ఆ ఆపేవాళ్ళనే. అలా లింఫు నాళాల్లో ఏళ్ళ తరబడి కాపురం చేస్తుంది. పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కునే దాని పిల్లలు, దోమ కుట్టే అర్ధరాత్రికి చర్మం కింది రక్తంలోకి తేలతాయి. ఫైలేరియా సిబ్బంది రక్తం తీయడానికి రాత్రిళ్ళు వచ్చేది అందుకే. మనిషికి మాత్రం ఏమీ తెలీదు. కొందరి ఒళ్ళు మాత్రం ఆ పురుగు పిల్లల మీద పూర్తిగా తిరగబడుతుంది. 500 లోపుండాల్సిన ఇసినోఫిల్స్ 3000 దాటి, రాత్రంతా దగ్గు, పిల్లికూతలు. మనవైపు ఇస్నోఫీలియా అనేవాటిలో ఇదొకటి. మందు మళ్ళీ ఆ హెట్రజానే! ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బా నాన్నా అది? సుబ్బారావు ఫోలిక్ యాసిడ్ పనిలోంచి పుట్టిన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ కీళ్ళవాతానికి ఇస్తున్నారు, సొంత కీళ్ళనే కొరికే కణాల్ని అణచడానికి. దీనికి నీ పొడుం డబ్బావాళ్ళు ఏమంటారో అడుగు.

కణాలే చూసుకుంటే మాత్రెందుకంటావు. గాజు గొట్టంలో పురుగు పిల్లల మీద ఈ మందు పోస్తే పెద్దగా చావవు. ఒంట్లో మాత్రం చకచకా తగ్గిపోతాయి. మందు దొంగని పట్టిస్తుంది, కొట్టేది నీ కణాలే. మింగినవాళ్ళకి జ్వరమొచ్చిందన్నావు. నిజమే, కొందరికి వస్తుంది. చచ్చిన పురుగు పిల్లల మీద కణాలు చేసే రభస అది. రక్తంలో అవి ఎంత ఎక్కువుంటే అంత రభస. గర్భిణులకి, రెండేళ్ళలోపు పిల్లలకి, బాగా జబ్బుచేసినవాళ్ళకి ఎలాగూ ఇవ్వరు. వాళ్ళలో నువ్వెవరివిరా?

కోప్పడ్డానని అన్నం మానేయకు. ఆశా అమ్మాయి దగ్గర మాత్రలు మిగిలాయేమో కనుక్కో. ఖాళీ కడుపున వద్దు, పెరుగన్నం తిని మింగు. జ్వరమొస్తే నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మకి కాదు, దానికి కంగారెక్కువ.

మీ మావయ్య,
రాజమండ్రి