రాలీలో కాపురం పెట్టబోయేవాళ్లకు

1. ఉద్యోగాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకోండి.

ఒకప్పుడు రాలీ ఉన్న నార్త్ కరోలినా రాష్ట్రం అంటే పొగాకు, బట్టల మిల్లులు, చెక్క సామాను. చదువుకున్న కుర్రాళ్లు వేరే రాష్ట్రాలకు పోయేవారు. రాలీ, డర్హమ్, చాపెల్ హిల్‌లలో మూడు పెద్ద యూనివర్సిటీలున్నాయి కదా, వాటి నడుమ పైన్ చెట్ల మధ్యకి కంపెనీలను రప్పిద్దామని 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు పెట్టారు. 1965లో ఐబీఎం వస్తానన్నాక గాని దాని మీద నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ ఊరు దాటితే పొలాల్లో పాత పొగాకు బ్యారన్లు కనిపిస్తాయి. మాదీ పొగాకు పండే ఒంగోలు వైపే, వాటిని నాకెవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. డర్హమ్‌లో 1987లో మూతపడ్డ సిగరెట్ ఫ్యాక్టరీలో ఇప్పుడు ఆఫీసులు నడుస్తున్నాయి. అందులో పనిచేసిన కూలీల మనవలకు ఆ ఆఫీసుల్లో ఎన్ని కుర్చీలు దక్కాయంటే మాత్రం సంతోషించే జవాబు రాదు. ఈ రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచీ అంతే.

2. ప్రకటన వేరు, ఉద్యోగం వేరు.

యాపిల్ ఇక్కడ వంద కోట్ల డాలర్లతో క్యాంపస్ కడతానని, 3,000 ఉద్యోగాలిస్తానని 2021లో చెప్పింది. 2024లో వాయిదా కోరింది. మీరు హెచ్‌1బీ వీసా మీద ఉంటే, ఉద్యోగం పోయాక ఇంకొకటి చూసుకోవడానికి మామూలుగా 60 రోజులే గడువు. ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టాకే ఇల్లు కొనండి. భార్యాభర్తలిద్దరూ ఒకే కంపెనీలో చేరకుండా ఉంటే ఇంకా మేలు.

3. పన్ను తక్కువ అన్నవాణ్ణి ఏ పన్ను అని అడగండి.

ఆదాయపన్ను నిజంగానే తక్కువ. అందరికీ ఒకటే రేటు, 2025కి 4.25 శాతం. ఇంటి పన్ను సంగతి వేరు. రాలీ ఉన్న వేక్ కౌంటీ 2020లో, మళ్లీ 2024లో ఇళ్లకు కొత్త విలువలు కట్టింది. విలువ పెరిగినంత పన్ను పెరగదు, మామూలుగా రేటు తగ్గిస్తారు. అయితే సగటుకన్నా ఎక్కువ పెరిగిన ఇంటివాడి మీద బరువు పడుతుంది. రాలీ ఆగ్నేయం వైపు తరాలుగా ఉన్న నల్లజాతివాళ్ల చిన్న చిన్న ఇళ్ల విలువ అలాగే ఎగిరింది. మనలాంటివాళ్లం వచ్చి వేలంపాట పాడినట్టు కొంటుంటే పెరగదా మరి!

4. ఇల్లు నచ్చిందా? ముందు బడికి ఫోన్ చెయ్యండి.

పిల్లలున్నవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. జనం వచ్చినంత వేగంగా బడులు కట్టలేక, వేక్ కౌంటీ చాలాచోట్ల ఏడాది పొడవునా బడి నడుపుతోంది. పిల్లల్ని నాలుగు ట్రాక్‌లుగా విడదీస్తారు. ఎప్పుడు చూసినా మూడు ట్రాక్‌లవాళ్లు బడిలో, ఒక ట్రాక్‌వాళ్లు సెలవులో ఉంటారు. ఆ విధంగా అదే భవనంలో మూడోవంతు ఎక్కువమందిని సర్దవచ్చు. 45 పనిరోజులు బడి, 15 పనిరోజులు సెలవు. కాబట్టి వేసవిలో రెండు నెలలు ఊరెళ్లి మామిడిపళ్లు తిని వచ్చే ఏర్పాటు సాగదు, మూడు వారాల్లో తిరిగి రావాల్సిందే. పెద్దాడిది మామూలు క్యాలెండర్ ఉన్న హైస్కూలు, చిన్నాడిది ఇలాంటి బడి అయితే ఇద్దరికీ సెలవులు కలవవు. ఇంకో తిరకాసు ఉంది. నిండిపోయిన బడికి క్యాప్ పెడతారు. బడి మీ వీధి చివరే ఉన్నా, కొత్తగా వచ్చిన మీ పిల్లల్ని దూరపు బడికి పంపవచ్చు. ఇంటి ఏజెంట్లు ఈ మాట తమంతట తాము చెప్పగా నేను వినలేదు.

5. మార్చి, ఏప్రిల్‌లలో కారు కడగొద్దు. పైన్ పుప్పొడి పసుపు చల్లినట్టు రాలుతుంది. సాయంత్రానికి మళ్లీ అంతే.

6. అమ్మానాన్నలు వస్తారని గుర్తుంచుకోండి.

ఇక్కడ కారు లేనివాడికి కాళ్లు లేనట్టే. డర్హమ్ నుంచి చాపెల్ హిల్‌కి వేద్దామనుకున్న లైట్‌రైల్ 2019లో ఆగిపోయింది. బస్సులున్నాయి, కానీ చాలా కొత్త కాలనీల దాకా రావు. రాలీ పక్కనున్న కేరీలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, దానికి 2022లో నిలబెట్టిన 87 అడుగుల గోపురం ఉంది, మోరిస్‌విల్‌లో కూరగాయల కొట్లున్నాయి. ఇన్ని ఉండీ మన పెద్దవాళ్లు ఎవరో ఒకరు బండి తీసేదాకా కిటికీ పక్కనే కూర్చుంటారు. కేరీలో గ్రీన్‌వేలని నడిచే బాటలు బాగా వేశారు. వాటిని ఆనుకున్న ఇల్లు దొరికితే ఒక పడగ్గది తగ్గినా తీసుకోండి. ఏజెంటు వంటింటి గ్రానైటు చూపిస్తుంటే మీరు బయటికొచ్చి, ఫుట్‌పాత్ ఎక్కడిదాకా ఉందో నడిచి చూడండి.