బాపమ్మ పేరేమిటి? – మహాలయ పక్షమున మాతృస్మరణము

భాద్రపద బహుళ పాడ్యమి మొదలు అమావాస్య వరకు గల పుణ్యకాలము మహాలయ పక్షము. ఈ దినములలో తర్పణమునకు కూర్చున్న ఒక గృహస్థుని ఊహించుకొనుడు. పురోహితులు అడుగగా తండ్రి, తాత, ముత్తాతల పేర్లు తడుముకొనక చెప్పును. తల్లి పేరు చెప్పును. "నాయనమ్మ పేరు?" అనగానే ఆగిపోవును. "మేమందరం బాపమ్మ అనే పిలిచేవాళ్లమండీ" అని తల వంచుకొనును. గోరుముద్దలు తినిపించిన చేయి జ్ఞాపకమున్నది. పేరు మాత్రము లేదు.

శాస్త్రము ఆమెను మరువలేదు. తర్పణములో పితృవర్గముతోపాటు మాత, పితామహి, ప్రపితామహి అను మూడు తరముల తల్లులకు స్థానమున్నది. వారిని క్రమముగా వసు, రుద్ర, ఆదిత్య రూపములుగా భావింతురు. అమ్మమ్మకు మాతామహిగా తిలోదకము కలదు. మహాలయములో భార్యను, తోబుట్టువులను, గురువును, మిత్రుని సైతము స్మరింతురు. ఈ విధముగా ఒకే ఇల్లాలిని భర్త పత్నిగను, కుమారుడు తల్లిగను, మనుమడు పితామహిగను తలచుకొనుటకు వీలు కల్పింపబడినది.

ఈ పక్షములోని నవమికి అవిధవా నవమి అని పేరు. సుమంగళిగా పరమపదించిన తల్లిని ఉద్దేశించి ఆనాడు ముత్తైదువకు భోజనమిడి, పసుపు కుంకుమలు, వస్త్రము సమర్పించుట ఆచారము. గయా క్షేత్రములో మాతృషోడశి పేరున తల్లికి ప్రత్యేకముగా పదునారు పిండములు సమర్పింతురు. గర్భభారము, ప్రసవవేదన, బిడ్డకై మేల్కొన్న రాత్రులు, ఇట్లు ఆమె పడిన ఒక్కొక్క కష్టమును తలచి ఒక్కొక్క పిండము. తల్లి జీవితమును వివరముగా జ్ఞాపకము చేసికొనుటయే ఇచట పూజయైనది.

మన ఉప్పల్, నాచారం ప్రాంతములలో అనేక కుటుంబములు పరిశ్రమలలోను, కార్యాలయములలోను ఉద్యోగములకై జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవే. ఊరిలోనైతే పేరు చెప్పుటకు ఎవరో ఒక పెద్ద ఉండెడివారు. ఇచట ఆ పెద్దలు దూరమైరి. ఇంటి ఆడవారిని వరుసతో పిలుచుటయే గాని పేరుతో పిలువని మర్యాద మనది. ఆ మర్యాదయే రెండు తరములు గడచుసరికి మరపుగా మారుచున్నది.

కావున ఒక చిన్న నియమము పాటింతము. ఇంటిలోని మేనత్తనో, పెద్దమ్మనో నేడే అడుగుడు. నాయనమ్మ, అమ్మమ్మ, వారి అత్తగార్ల పేర్లు, పుట్టినూళ్లు, గతించిన తిథులు పుస్తకమున వ్రాసికొనుడు. ఆమె కొలిచిన దైవము, పడిన కష్టము, ఆకలితో వచ్చిన వారికి పెట్టిన అన్నము, ఇవియు వ్రాయుడు. చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఇది సాధ్యము. తర్పణ విధి, అధికారము మీ పురోహితుల వలన తెలిసికొనుడు.

పెత్తర అమావాస్య నాడు పెద్దల పేరిట బియ్యము, పప్పు, కూరగాయలు స్వయంపాకముగా ఇచ్చునప్పుడు ఆ తల్లి పేరును నోరార పలుకుడు. ఆనాటి సాయంకాలమే మన ఆడబిడ్డలు ఎంగిలిపూల బతుకమ్మను పేర్తురు. తంగేడు పూలు పేర్చుచున్న మనుమరాలిని దగ్గరకు పిలిచి, "మా బాపమ్మ పేరు ఇది" అని చెప్పుడు. ఆ పేరు మరియొక తరము నిలుచును.

మాతృదేవతల అనుగ్రహము మీ కుటుంబములకు కలుగుగాక. స్వస్తి.