పుట్టింటి వేసవి

వివాహమైన స్త్రీ తాను పుట్టి పెరిగిన ఇంటిని చెప్పుకొనడానికి భారతీయ భాషలలో ప్రత్యేకమైన మాటలున్నవి. తెలుగులో అది పుట్టిల్లు, కన్నడంలో తవరుమనె, తమిళంలో తాయ్‌వీడు, మరాఠీలో మాహేర్, గుజరాతీలో పియర్, పంజాబీలో పేకే. బెంగాలీలో బాపేర్ బాడి, అనగా తండ్రి ఇల్లు అంటారు. హిందీ ప్రాంతాలలో ఒకటి చాలక మూడు పేర్లు ప్రచారంలో ఉన్నవి. మాయ్‌కా అన్న మాటలో తల్లి వినిపిస్తుంది. పీహర్‌లో పితృగృహం, నైహర్‌లో జ్ఞాతిగృహం దాగి ఉన్నవి. పురుషునికి ఇటువంటి మాట కావలసి రాలేదు. అతడు పుట్టిన ఇల్లు అతనికి కడదాకా ఇల్లే. అతడు భార్య పుట్టింటికి కాపురం వచ్చినప్పుడు మాత్రం మన భాష మేలుకొని ‘ఇల్లరికం’ అని ఒక పేరు పెట్టింది.

ఆమె పుట్టింటికే ఆమె పిల్లలు వేరొక పేరు పెట్టుకొంటారు. అమ్మమ్మగారిల్లు, ననిహాల్, మామార్ బాడి, మోసాళ్, ఆజోళ్ - ఇవన్నీ పిల్లల మాటలు. వేసవి సెలవులలో చిన్న బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చే యువతి ఒకే గడపను రెండు పేర్లతో దాటుతుంది. పిల్లలకు అది విహారయాత్ర. ఆమెకు అది ఏమిటి?

పై మాటలన్నీ ఒకే అర్థాన్ని ఇచ్చేవిగా కనిపించినా వాటి బరువు ఒకటి కాదు. నైహర్‌ను పుట్టిల్లు అని తెనిగించినంత మాత్రాన అనువాదకుని పని పూర్తికాదు. ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే 1953లో వెలువరించిన ‘కిన్‌షిప్ ఆర్గనైజేషన్ ఇన్ ఇండియా’ అన్న గ్రంథంలో ఈ భేదాన్ని విపులంగా చర్చించారు. ఉత్తరాదిలో సగోత్రంలోనే గాక అనేక చోట్ల ఒకే గ్రామంలో కూడ వివాహం నిషిద్ధం. వధువు ముఖమెరుగని వారి ఇంటికి, కొత్త ఊరికి వెళుతుంది. దక్షిణాదిన మేనరికం వాడుకలో ఉన్న కుటుంబాలలో అత్తగారు చిన్ననాటినుండి ఎరిగిన మేనత్తే కావచ్చును. మామ అన్న ఒక్క మాటతో మేనమామను, భర్త తండ్రిని మనం పిలువగలుగుతున్నాము. హిందీలో మామా వేరు, ససుర్ వేరు. దగ్గరి రక్తసంబంధంలో వివాహాలు వద్దని వైద్యులు చెప్పడం, ఆ ఆచారం తగ్గుముఖం పట్టడం మంచిదే. అయితే తెలుగు పాటలలో కంటె భోజ్‌పురీ, అవధీ పాటలలో పుట్టింటి తలపోత ఎందుకు అంత తీవ్రంగా ఉంటుందో ఈ భేదం వలన కొంత బోధపడుతుంది. కబీరు పదాలలో ఈ లోకం నైహర్, భగవంతుని సన్నిధి అత్తవారిల్లు. 1856లో రాజ్యాన్ని పోగొట్టుకొని లక్నో విడిచిన నవాబు వాజిద్ అలీ షా రచనగా ప్రసిద్ధమైన ఠుమ్రీలో ఆ వేదన నైహర్ వీడిపోయే నవవధువు గొంతుతో పలుకుతుంది. నగరాన్ని వీడిపోయే ప్రభువుకు అంతకంటె తగిన పోలిక దొరకలేదు కాబోలు.

పుట్టింటికి వెళ్ళే ఋతువు కూడ అంతటా ఒకటి కాదు. ఉత్తరాదిన అది సావన్. ఉయ్యెలలు, కజరీ పాటలు, సోదరుడు వచ్చి తీసికొనిపోతాడన్న నిరీక్షణ. ఉత్తరాది పంచాంగంలో మాసం పూర్ణిమతో ముగుస్తుంది గనుక వారి సావన్ మన ఆషాఢ బహుళంతోనే మొదలవుతుంది. కొత్త కోడలిని ఆషాఢంలో పుట్టింటికి పంపే తెలుగు ఆచారం, ఆడి మాసపు తమిళ ఆచారం దీనికి పొరుగున ఉన్నవే. ఉత్తర కర్ణాటకలో నాగపంచమికి కూతుళ్ళు తవరుమనెకు వస్తారు. తెలంగాణంలో భాద్రపద అమావాస్యతో ఆరంభమయ్యే బతుకమ్మకు ఆడపడుచులు పుట్టింటికి చేరుతారు. వంగదేశంలో దేవి కూడ అంతే. లక్ష్మి, సరస్వతి, కార్తికేయుడు, గణేశుడు అనే నలుగురు బిడ్డలతో ఉమ కైలాసంనుండి తండ్రియైన హిమవంతుని ఇంటికి శరత్కాలంలో కొద్ది దినాలకు వస్తుంది. రామప్రసాద సేన్, కమలాకాంత భట్టాచార్య మొదలైన వారు రచించిన ఆగమనీ, విజయా గీతాలలో అల్లుని దారిద్ర్యాన్ని తలచి బాధపడే తల్లి మేనక అచ్చంగా బెంగాలీ ఇల్లాలే.

ఇన్ని ఋతువులను వెనుకకు నెట్టి వేసవిని ముందుకు తెచ్చినది పాఠశాల. బిడ్డలు బడిలో చేరిన నాటినుండి తల్లి ప్రయాణం పంచాంగాన్ని విడిచి బడి సెలవుల పట్టికను అనుసరించక తప్పదు. చలికి బడులు మూసే కొండ ప్రాంతాలలో ఈ రాకపోకలు శీతకాలంలో జరుగుతాయి. వేసవికి కొండలెక్కడం 1864లో సిమ్లాను వేసవి రాజధానిగా చేసికొన్న ఆంగ్ల పాలకుల అలవాటు. చాలామంది భారతీయ గృహిణులకు వేసవి అంటే మండుటెండలో రైలెక్కి మరింత మండే ఊరికి పోవడమే.

ఖరగ్‌పూర్‌లో నివసించే ఒక తెలుగు ఇల్లాలిని ఉదాహరణగా ఊహించుకొందాము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి ఆ పట్టణంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆమె భర్త రైల్వే కార్ఖానాలో ఉద్యోగి, బిడ్డలిద్దరు. బడిలో హిందీ, వీధిలో బెంగాలీ, ఇంట తల్లి గొంతులో మాత్రమే తెలుగు. శ్రీకాకుళం జిల్లాలోని ఆమె పుట్టింటికి 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పిల్లవానిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆమె స్టేషను పేర్లు చదివిస్తుంది. ప్రతి పలకపైన హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ ప్రాంతపు లిపి ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో అది బెంగాలీ. బాలాసోర్, కటక్ స్టేషన్లలో ఒడియా. చిలుకా సరస్సు వెనుకబడి, బరంపురం దాటి, ఇచ్ఛాపురం వచ్చేసరికి పలకపైన తెలుగు అక్షరాలు గుండ్రంగా నిలుస్తాయి. సోంపేట, పలాస, నౌపడా - ఇంటివద్ద తల్లి పలకమీద దిద్దించినప్పుడు విసుగుకొన్న అక్షరాలే ఇక్కడ వానికి ఊళ్ళవుతాయి.

ఇంటికి చేరిన బిడ్డ పరుగున పోయి హిందీలో మంచినీళ్ళడుగుతాడు. అమ్మమ్మకు హిందీ రాదు. “ఏటి బాబూ, ఏటి కావాలి?” అంటుంది. తల్లి నేర్పిన ‘ఏమిటి’ ఇక్కడ ‘ఏటి’ అయినదని వాడు గ్రహించడానికి ఒక పూట పడుతుంది. నాలుగు వారాలలో వాడు నేర్చుకొనేది పుస్తకాల తెలుగు కాదు. తాటిముంజెల, పనసతొనల, పేచీల, అలకల తెలుగు. ప్రవాసంలో ఏడాది పొడుగునా తల్లి ఒక్కతే మోసిన భాషను ఈ నాలుగు వారాలు ఊరంతా కలిసి మోస్తుంది. అందుకే ఎండకు పిల్లలు కందిపోతారని ఎవరు వారించినా ఆమె ప్రయాణం మానదు.

అట్లని ఆమెకు ఇది విశ్రాంతి అనుకొనడం తొందరపాటు. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటిపనులలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని సెలవుపై వెళ్ళదు. రైలెక్కి ఆమెతోనే వస్తుంది. పైగా వేసవి ఆవకాయ కాలం. కాయలు కొట్టించడం, ముక్కలు తుడవడం, ఆవపిండి కలపడం, వడియాలు పెట్టడం - వచ్చిన నాటినుండి చేతులకు తీరిక ఉండదు. అయినా అక్కడ మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే లేపేవారు లేరు. పిలిచేవారు చిన్ననాటి ముద్దుపేరుతో పిలుస్తారు. ఆమె కోరుకొన్నది బహుశః ఆ పేరే.

మన కథకులు ఎక్కువగా పట్టించుకొనని మనిషి ఒకరు ఆ ఇంట ఉన్నారు. ఆమె వదినగారు. ఆడపడుచు సెలవు ఆమెకు అదనపు వంట. ఆడపడుచు తిరిగి రైలెక్కిన తరువాత గాని ఆమె తన బిడ్డలతో తన పుట్టింటికి బయలుదేరలేదు. అప్పటికి సెలవులలో మిగిలేది పది రోజులే. ఒకరి నైహర్ మరొకరికి ససురాల్ అన్న సంగతి ఆ వంటింటిలో నిలబడితే తేటపడుతుంది. ఖరగ్‌పూర్ ఇల్లాలు కూడ తన అత్తవారింట ఈ స్థానంలోనే ఉన్నది గనుక ఆమెకు ఇది తెలియనిది కాదు. ఈ ఏడు ఒక వారం ముందుగా బయలుదేరుదామా అని ఆమె ఆలోచిస్తుంది. తల్లి ముఖం చూచి మాట పైకి రాదు.

తల్లిదండ్రులు ఉన్నన్నాళ్ళు అది పుట్టిల్లు. తరువాత అది అన్నగారి ఇల్లు. ఈ భయం చట్టానికి కూడ అందనిది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో శాసనం చేసింది. అప్పటికే వివాహమైన వారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ హక్కును దేశమంతటికి విస్తరించింది. అయినా ఎందరో ఆడపడుచులు వాటాను అడుగరు. అడిగితే వేసవికి తలుపు తీసేవారుండరని వారి జంకు. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ 1994లో ప్రచురించిన ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’ లో, భూమిపై హక్కును వదులుకొని సోదరుల ఆదరణను నిలుపుకొనే ఈ లెక్కను సవివరంగా పరిశీలించారు. ఏడాదికి నాలుగు వారాల ఆతిథ్యానికి ఒక జీవితకాలపు హక్కు వెలగా చెల్లించడం న్యాయమైన బేరం కాదు. చెల్లించేవారికి ఆ సంగతి తెలియదనుకొనడం కూడ న్యాయం కాదు.

అందరూ ఈ బేరం చేయనక్కరలేదు. మేఘాలయలోని ఖాసీలలో బిడ్డలు తల్లి వంశానికి చెందుతారు. ఇల్లు చివరి కుమార్తెకు దక్కుతుంది. పూర్వపు కేరళలో నాయర్ స్త్రీకి తరవాడే ఇల్లు. 1976లో అమలులోకి వచ్చిన చట్టంతో ఆ ఉమ్మడి కుటుంబ వ్యవస్థ న్యాయరీత్యా ముగిసింది.

ఇంటి చిరునామా ప్రశ్న ప్రభుత్వ కాగితాలలో కూడ తొంగిచూస్తుంది. రైల్వేవారికి పాసులున్నవి, ఇతర కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1956 నుండి సెలవు ప్రయాణ రాయితీ ఉన్నది. దానికి ఉద్యోగి తన స్వస్థలాన్ని ప్రకటించాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఎవరి స్వస్థలాన్ని వారు వేరుగా ప్రకటించుకొనవచ్చును. ఉద్యోగం లేని ఇల్లాలికి అటువంటి గడి ఏ కాగితంలోను లేదు. ఆమె స్వస్థలం భర్త వ్రాసినదే.

జూన్‌లో తిరుగు ప్రయాణం. పసుపు కుంకుమలు, రవికెగుడ్డ, ఒక ఆవకాయ జాడీ. పలాస దాటగానే పిల్లవాడు కిటికీ దగ్గరకు జరిగి, ఎవరూ అడుగకుండానే ఇచ్ఛాపురం పలకను తెలుగులో చదివాడు. తరువాతి స్టేషనులో లిపి మారింది.

“మన అక్షరాలు అయిపోయాయా అమ్మా?”

ఆమె జాడీని కుదుపులకు ఒరగకుండా సీటు క్రిందికి జరిపి, వానిని దగ్గరకు తీసికొని, ఒడియా అక్షరాలను చూపించింది. “ఇవీ గుండ్రంగానే ఉన్నాయి, చూడు” అన్నది.